పట్టీకెక్కని ఖైదీలు: రంగం కూలీలు, యుద్ధకాలపు నిర్బంధం

యుద్ధం రాగానే ప్రభుత్వాలు చేసే మొదటి పనుల్లో ఒకటి, మనుషుల్ని పట్టుకుని ఒకచోట కట్టిపడెయ్యడం. వాళ్లు సైనికులు కారు. ఏ నేరమూ చేసినవాళ్లు కారు. కోర్టు ఉండదు, తీర్పు ఉండదు, విడుదల తేదీ ఉండదు. ఫలానా దేశంలో పుట్టారు గనక, ఫలానా జాతివాళ్లు గనక, బయట ఉంటే ప్రమాదమని లోపల పెడతారు. దీన్నే చరిత్ర పుస్తకాలు పౌర నిర్బంధం అంటాయి.

ఈ అధ్యాయం ఎవరి గురించి రాశారో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియాలో ఉన్న జర్మన్లను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. మిషనరీల కుటుంబాల్ని 1915–16లో ఓడెక్కించి ఐరోపాకి పంపేశారు. ఆ ఓడ పేరు మన గోల్కొండే. రెండో యుద్ధంలో జపాన్ సింగపూరుని పట్టుకున్నాక సుమారు మూడు వేలమంది ఐరోపా పౌరుల్ని చాంగీ జైల్లో కుక్కింది. ఆ జైలు కట్టింది ఆరు వందలమందికి. అమెరికా తన గడ్డమీద ఉన్న సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లని శిబిరాలకి తరలించింది. వాళ్లలో మూడింట రెండొంతులమంది అమెరికా పౌరులే. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన ప్రభుత్వం కూడా అస్సాం, బెంగాల్ ప్రాంతాల్లో ఉంటున్న చైనా సంతతివాళ్లని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి పట్టుకెళ్లింది.

ఇవన్నీ అన్యాయాలే. వీటి గురించి రాయడం అవసరమే. అయితే వీటన్నిటికీ సామాన్యంగా ఒకటుంది. లోపల పెట్టినవాళ్ల పేర్ల పట్టీ ఉంది. ఫలానావాడు, వయసు ఇంత, ఫలానా రోజున తెచ్చాం, ఫలానా రోజున వదిలాం అన్న కాగితం ఉంది. ఆ కాగితం వల్లనే తరవాత పుస్తకం వచ్చింది, క్షమాపణ వచ్చింది, కొన్నిచోట్ల పరిహారమూ వచ్చింది.

కాగితం లేకుండా నిర్బంధంలో ఉన్నవాళ్ల మాటేమిటి? గోదావరి డెల్టా పేటల నుంచి బర్మాకీ మలయాకీ వెళ్లిన కూలీల్ని 1941–45 మధ్య రెండు సామ్రాజ్యాలు ఎలా కట్టిపడేశాయో చూస్తే, నిర్బంధమనే మాటకి మనం నేర్చుకున్న అర్థం చాలదని తేలుతుంది. శత్రువులని అనుమానించి కొందర్ని నిర్బంధించారు. చేతులు కావాలి గనక మనవాళ్లని నిర్బంధించారు. రెండోదాన్ని నిర్బంధమని ఎవరూ అనలేదు. ఆ మాట అనాల్సిన అవసరం ఉందనే ఈ వ్యాసం.

కోరంగి అన్న తిట్టు

ఇప్పటి కాకినాడ జిల్లా తాళ్లరేవు మండలంలో, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట కోరంగి ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని దెబ్బతీశాయి. రేవు పోయింది గాని పేరు సముద్రం దాటింది. బర్మాలో తెలుగు కూలీ ఎవడైనా సరే, వాడిది శ్రీకాకుళమైనా విశాఖపట్నమైనా అమలాపురమైనా, తెల్లదొరల కాగితాల్లో 'కోరంగి'. ఊరి పేరు కూలీ పేరయింది, కూలీ పేరు తిట్టయింది.

మనవాళ్ల నోట రంగూన్ 'రంగం' అయింది. కాకినాడ, విశాఖపట్నం, బీమునిపట్నం లాంటి రేవుల నుంచి స్టీమర్లు నడిచేవి. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ నగర జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి మించి భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షన్నరకి పైగా ఉన్నారు. రేవులో బస్తాలు మోసింది వాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసింది వాళ్లు, రిక్షాలు లాగినవాళ్లలో ఎక్కువమంది వాళ్లు. పట్నం చెత్త, పాకీ ఎత్తినవాళ్లలోనూ వాళ్లున్నారు.

రంగం వెళ్లినవాళ్లంతా దళితులే అనడం అబద్ధమవుతుంది. కాపులున్నారు, గొల్లలున్నారు, చేపలు పట్టే కులాలవాళ్లున్నారు. చదువుకుని గుమాస్తా ఉద్యోగాలకి వెళ్లిన పైకులాలవాళ్లూ ఉన్నారు. కాని ఓడలో ఎవరెక్కడ కూర్చున్నారు అన్నది అడగాలి. గదుల్లో వెళ్లినవాళ్లు వేరు, డెక్కు మీద ఎండకీ వానకీ పడి వెళ్లినవాళ్లు వేరు. మాలలూ మాదిగలూ వెళ్లింది డెక్కు మీదే. ఈ డెక్కు అన్న మాట గుర్తుంచుకోవాలి. తరవాత కథంతా దాని చుట్టూనే నడుస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా అంతా పచ్చబడింది. కాటన్ దొర పేరు చెప్పి ఇప్పటికీ దండం పెడతారు. మరి అన్నపూర్ణ అని పేరుపడ్డ నేల నుంచి మనుషులు ఐరావతి డెల్టాకి కూలికి ఎందుకు పోవాల్సొచ్చింది? నీళ్లు వచ్చింది భూమికి. ఆ భూమి మన చేతుల్లో లేదు. పాలేరు జీతం ధాన్యంలో, అప్పు కాగితం మీద, తండ్రి అప్పుకి కొడుకు పాలేరుతనం. ఇక్కడ కోసేదీ వరే, అక్కడ కోసేదీ వరే. తేడా ఒక్కటే. అక్కడ కూలి డబ్బుల్లో ఇచ్చేవాళ్లు. ఆ డబ్బుతో వాడలో ఒక పెంకుటిల్లు లేచేది, ఒక అప్పు తీరేది, ఒక పిల్లవాడు మిషన్ బడికి వెళ్లేవాడు. అందుకే రంగం అనేది మన పేటల్లో కష్టం పేరూ, ఆశ పేరూ.

మేస్త్రీ పద్దు

ఆ ఆశకి కూడా ఒక కంచె ఉంది. రంగంలో కూలీకి యజమాని కనపడడు. కనిపించేది మేస్త్రీ. ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేది అతనే, టిక్కెట్టు కొనేది అతనే, గదిలో చోటు ఇచ్చేది అతనే, కూలి అందుకుని కోతలు కోసి చేతిలో పెట్టేదీ అతనే. ఒక గదిలో రాత్రి పనివాళ్లు పగలు, పగటి పనివాళ్లు రాత్రి పడుకునేవాళ్లు. పద్దు తీరేదాకా మేస్త్రీని వదిలి వెళ్లడానికి లేదు. అంటే యుద్ధం రాకముందే కదలడానికి వీల్లేని బతుకు ఒకటి తయారై ఉంది.

కదలితే ఏమవుతుందో 1930లో తెలిసింది. ఆ మే నెలలో రంగూన్ రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల చోటులో బర్మా కూలీల్ని పెట్టాయి. రాజీ కుదిరి తెలుగువాళ్లు తిరిగి పనికి వచ్చేసరికి, మే 26న, పని పోయిన బర్మా కూలీలకీ వీళ్లకీ కొట్లాట మొదలై నగరమంతా పాకింది. వందకు పైగా చనిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది కోరంగీలు. లాభం కంపెనీలది, శవాలు రెండువైపులా పేదలవి.

ఆ తరవాత బర్మా రాజకీయాల్లో భారతీయులు పోవాలన్న మాట గట్టిపడింది. 1937 ఏప్రిల్‌లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1941 నడిమిలో రెండు ప్రభుత్వాలూ వలస ఒప్పందం చేసుకున్నాయి. నైపుణ్యం లేని కూలీలు కొత్తగా రావడానికి వీల్లేదన్నారు. ఇది జూలై మాట. అదే ఏడు డిసెంబరు చివర, అదే కూలీని పోవడానికి వీల్లేదన్నారు. అయిదు నెలల్లో మాట ఎందుకు తిరగబడింది?

డిసెంబరు 23

1941 డిసెంబరు 23 పొద్దున్న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రెండు రోజులు తిరక్కుండా క్రిస్మస్ నాడు మళ్లీ వేశాయి. విమానాలు ఎప్పుడూ చూడని జనం వీధుల్లోకి వచ్చి ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు. చచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. రేవులో, రోడ్ల మీద, ఇరుకు గదుల్లో ఉన్నవాళ్లు ముందు పోయారు. అక్కడున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

బతికినవాళ్లు మూట కట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. వేలు, పదివేలు. ఇంటికి పోదామన్నదే ఆలోచన. అప్పుడు నగరం స్తంభించిపోయింది. రేవులో చైనా యుద్ధానికని అమెరికా పంపిన సరుకు గుట్టలుగా పడి ఉంది, దింపే చెయ్యి లేదు. వీధుల్లో చెత్త, పాయిఖానాల్లో మలం, శిథిలాల కింద శవాలు. ఎత్తే మనిషి లేడు. అంతదాకా కంటికి ఆనని మనిషి పోయాకే పట్నానికి ఆనాడు.

ప్రభుత్వం ఏం చేసింది? పోతున్నవాళ్లకి నచ్చజెప్పి, బెదిరించి, వెనక్కి తిప్పే ప్రయత్నం చేసింది. రేవు కూలీల్ని నగరం బయట క్యాంపుల్లో ఉంచి పనిలోకి తెచ్చే ఏర్పాట్లు చేసింది. ఓడలు నడుస్తున్నాయి గాని, ఒంట్లో సత్తువ ఉన్న మగ కూలీలు డెక్కు టిక్కెట్టు మీద వెళ్లడానికి అడ్డుపెట్టింది. గది టిక్కెట్టుకి ఆ అడ్డు లేదు. ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి తౌంగుప్ కొండదారిన అరకాన్‌కి పోదామని చేరినవాళ్లని నది ఇవతలే ఆపేశారు. కలరా వచ్చిందని ఒక కారణం, పనివాళ్లు చేజారిపోతారని ఒక కారణం. ఆపినచోట నీళ్లు సరిపోలేదు, కలరా మరింత పెరిగింది.

ఆ డెక్కు నిషేధాన్ని మరోసారి చూడండి. అందులో కులం పేరు ఎక్కడా లేదు. మాల అని లేదు, మాదిగ అని లేదు, పాకీవాడు అని లేదు. టిక్కెట్టు తరగతి మాత్రమే ఉంది. కాని గది టిక్కెట్టు కొనగలిగేది ఎవరు? షావుకార్లు, లేవాదేవీలవాళ్లు, ఆఫీసర్లు, పెద్ద గుమాస్తాలు. డెక్కు మీద తప్ప పోలేనిది ఎవరు? కులం పేరెత్తకుండానే కులాన్ని ఆపగలిగిన ఉత్తరువు అది. ఈ విద్య మనకి కొత్త కాదు. గుడి తలుపు మీదా, చెరువు గట్టు మీదా కూడా కులం పేరు రాసి పెట్టలేదు గదా.

ఇంకో సంగతి. నగరానికి ఎవరు 'అత్యవసరం' అన్న లెక్క వచ్చినప్పుడు దాని అర్థం రెండు రకాలుగా పనిచేసింది. అత్యవసరమైన ఆఫీసరు చివరిదాకా ఉన్నా, అతని కోసం కారూ, ఓడా, కొన్నిసార్లు విమానమూ కనిపెట్టుకుని ఉన్నాయి. అత్యవసరమైన కూలీకి పోవడానికి వీల్లేకపోవడమే దక్కింది. అవసరం అన్న ఒకే మాట ఒకరికి గౌరవం, ఒకరికి సంకెల. 1942 ఫిబ్రవరి 20న అవసరం లేనివాళ్లంతా నగరం వదలమన్నారు. మార్చి మొదటి వారానికి రంగూన్ వదిలేశారు. 8న జపాన్ సైన్యం వచ్చింది. అంతదాకా ఆపి ఉంచిన మనుషుల్ని తీసుకెళ్లే ఓడ అప్పుడు లేదు. సముద్రం దారి మూసుకుపోయింది. మిగిలింది నడక.

తెల్లదారి, నల్లదారి, దాని అడుగున

ఆ నడక గురించి కొంత రాశారు. నాలుగైదు లక్షలమంది అరకాన్ మీదుగా, చింద్విన్ దాటి తము, ఇంఫాల్ మీదుగా, ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా ఇండియా చేరారు. దారిలో పోయినవాళ్ల లెక్క పదివేల నుంచి లక్ష దాకా రకరకాలుగా చెప్తారు. పదిరెట్ల తేడా ఉన్న అంచనా! మనుషుల్ని లెక్కపెట్టలేదని ఒప్పుకోవడమే అది. మండలే చుట్టూ వేసిన క్యాంపుల్లో వేలమంది దారి తెరిచేదాకా, చీటీ వచ్చేదాకా కాచుకుని ఉన్నారు. ఏప్రిల్ 3న మండలే మీద కూడా బాంబులు పడ్డాయి.

ఐరోపావాళ్లకీ ఆంగ్లో ఇండియన్లకీ ఒక దారి, భారతీయులకి మరో దారి కేటాయించారన్న గొడవ అప్పుడే లేచింది. 1942 ఏప్రిల్ చివర అలహాబాద్‌లో కలిసిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఈ వివక్షని ఖండిస్తూ తీర్మానం చేసింది. ఆ ఖండన న్యాయమైనదే. జాతీయవాద చరిత్ర అక్కడే ఆగిపోయింది. తెల్లదారి, నల్లదారి అని రెండే చూసింది. నల్లదారిలో అందరూ ఒక్కటిగా నడవలేదు. ముందే ఓడెక్కి వెళ్లిపోయినవాడు నల్లదారి చూడనే లేదు. నడిచినవాళ్లలో కూడా బండి కట్టుకున్నవాడు, కూలీని పెట్టుకుని సామాను మోయించుకున్నవాడు, బియ్యం కొనుక్కోగలిగినవాడు వేరు. క్యాంపుల్లో పాకీ చెయ్యడానికి మళ్లీ ఎవర్ని పిలిచారో ఊహించడం కష్టం కాదు. జాతి వివక్ష అన్న మాట కింద కులాన్ని కప్పెయ్యడం ఆనాడే జరిగింది. ఇప్పటికీ జరుగుతోంది.

వచ్చినవాళ్లు ఎక్కడికి వచ్చారు? 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. తీరమంతా భయం. రంగం డబ్బు ఆగిపోయింది. అక్కడ సంపాదించింది అక్కడే పోయింది. పేటలో మిగిలింది పాత అప్పు, పాత కామందు. రంగంలో బస్తాకింత అని బేరమాడి, సమ్మె కట్టిన మనిషి మళ్లీ చెప్పులు చేతపట్టుకుని ఊళ్లో నడవాల్సొచ్చింది. రానివాళ్లు, పోయారో ఉన్నారో తెలియనివాళ్లు, ఒక పేరుగా ఇంట్లో మిగిలారు. భర్త పోయాడని చెప్పే కాగితం లేక, ఉన్నాడని చెప్పే ఉత్తరం లేక ఎంతమంది ఆడవాళ్లు బతుకులు ఈడ్చారో ఏ నివేదికలోనూ లేదు.

రైలు కట్ట కింద

బ్రిటిష్‌వాళ్లు పోనివ్వకుండా ఆపితే, జపాన్‌వాళ్లు పట్టుకుపోయారు. ఇది కథలో రెండో భాగం. దీనికి మలయా వెళ్లాలి.

మలయాలో తెలుగువాళ్లు పేరాక్ ప్రాంతపు కొబ్బరి తోటల్లోనూ, కెడా, జొహోర్‌ల రబ్బరు తోటల్లోనూ ఉన్నారు. తమిళ కూలీల కంటే సంఖ్యలో చాలా తక్కువ. ఉత్తర సర్కారు జిల్లాల నుంచీ చిత్తూరు వైపు నుంచీ వెళ్లినవాళ్లు. జపాన్ ఆక్రమణతో రబ్బరు కొనేవాడు లేడు, తోటల్లో పని లేదు, బియ్యం లేదు. అప్పుడే జపాన్ సైన్యం సయాం నుంచి బర్మాకి రైలు దారి వెయ్యడం మొదలెట్టింది. పొడవు సుమారు 415 కిలోమీటర్లు. 1942లో మొదలై 1943 అక్టోబరులో పూర్తయింది. కొండలు, అడవి, ఎడతెగని వాన.

మొదట మూడు నెలల పని, మంచి కూలి, బియ్యం అన్నారు. కొందరు నమ్మి వెళ్లారు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. నమ్మకం పోయాక తోటల మీదికి లారీలొచ్చాయి. మనుషుల్ని లైన్ల నుంచే ఎక్కించుకుపోయారు. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి రైలెక్కించారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, మలయ్‌లు, చైనీయులు, జావావాళ్లు, బర్మావాళ్లు, అందరూ కలిపి సుమారు రెండు లక్షలు, అంతకంటే ఎక్కువ అని కూడా కొందరు రాశారు. చనిపోయినవాళ్లు సుమారు తొంభై వేలని ఒక అంచనా.

అదే రైలు దారి మీద అరవై వేలకు పైగా యుద్ధఖైదీలు పనిచేశారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్, అమెరికా సైనికులు. వాళ్లలో పన్నెండు వేల పైచిలుకు చనిపోయారు. వాళ్ల బాధ తక్కువదని నేననడం లేదు. కాని తేడా చూడాలి. యుద్ధఖైదీలకి తమ ఆఫీసర్లున్నారు, తమ డాక్టర్లున్నారు, నీళ్లు కాచుకుని తాగాలని చెప్పి పట్టుబట్టే క్రమశిక్షణ ఉంది, చచ్చినవాడి పేరు రాసిపెట్టే తోటివాడున్నాడు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు కూలీల క్యాంపుల్లో ఇవేవీ లేవు. ఒకే రైలు కట్ట, ఒకే దొర, ఒకే రోగం. బతికే అవకాశం మాత్రం ఒకటి కాదు.

ఇవాళ థాయ్‌లాండ్‌లోని కాంచనబురి వెళ్తే సుమారు ఏడు వేల సమాధులు వరసగా, గడ్డి కత్తిరించి, శుభ్రంగా కనిపిస్తాయి. ఒక్కొక్క రాతి మీద పేరు, వయసు, దళం. ఏడాదికోసారి పూలు పెడతారు. మంచిదే. కూలీలు మాత్రం ఎక్కడ పడితే అక్కడ, గుంపుగా, పేరు లేకుండా మట్టిలో కలిశారు. ఆ రైలు గురించి వచ్చిన పుస్తకాల్లో, సినిమాల్లో తెల్ల సైనికుడే నాయకుడు. కూలీ వెనకాల గుంపులో కూడా సరిగ్గా కనపడడు.

పుట్టుక లెక్క

దీన్ని నిర్బంధమని ఎందుకు అనలేదు? కారణం చట్టంలోనే ఉంది. రెండో యుద్ధం నాటికి ఉన్న 1929 జెనీవా ఒప్పందం యుద్ధఖైదీల కోసం. పౌరుల కోసం ప్రత్యేకంగా ఒప్పందం వచ్చింది 1949 ఆగస్టులో. అందులో నాలుగో అధికరణం రక్షణ ఎవరికని చెప్తుంది. తమది కాని ప్రభుత్వం చేతిలో చిక్కినవాళ్లకి అని. సొంత ప్రభుత్వమే పట్టి ఉంచినవాడు ఆ లెక్కలోకి రాడు. రంగం కూలీ బ్రిటిష్ ప్రజ. ఆపి ఉంచింది బ్రిటిష్ ప్రభుత్వం. అందుచేత అతను ఖైదీ కాడు, పనివాడు. ఇంట్లో పెద్ద కొట్టిన దెబ్బ దెబ్బ కాదన్నట్టు.

పరిహారం సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అమెరికా 1988లో చట్టం చేసి, బతికున్న ప్రతి నిర్బంధితుడికీ క్షమాపణ చెప్పి 20,000 డాలర్లు ఇచ్చింది. బ్రిటన్ 2000 నవంబరులో, జపాన్ శిబిరాల్లో మగ్గిన తన సైనికులకీ పౌరులకీ తలా 10,000 పౌన్లు ఇస్తానంది. తరవాత ఒక మెలిక పెట్టింది. నిర్బంధం నాటికి బ్రిటిష్ ప్రజ అయితే చాలదు, తనో, తల్లిదండ్రుల్లోనో, తాతల్లోనో ఒకరు బ్రిటన్ గడ్డ మీద పుట్టి ఉండాలని. పుట్టుక లెక్క! హాంకాంగ్‌లో నిర్బంధించబడ్డ ఒక స్త్రీ దీని మీద కోర్టుకి వెళ్లింది. 2006లో అప్పీలు కోర్టు ఆ షరతు పరోక్షంగా జాతి వివక్షేనని తేల్చింది. గొప్ప సామ్రాజ్యానికి పన్ను కట్టించుకునేటప్పుడు, బస్తాలు మోయించుకునేటప్పుడు పుట్టుక అడ్డు రాలేదు. ఇవ్వాల్సొచ్చినప్పుడే వచ్చింది. ఈ పద్ధతి ఎక్కడ చూశామని మనం ఎవర్నీ అడగక్కర్లేదు.

అంబేడ్కర్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో అంటరానితనాన్ని ముళ్లకంచె పోలికతో వివరించాడు. అది మనుషులు ఒకరికొకరు దూరంగా ఉండటం మాత్రమే కాదనీ, ఒక సమూహాన్ని ఒక హద్దులోపల బంధించి పెట్టడమనీ ఆయన వాదన. ప్రపంచం శిబిరాల గురించి మాట్లాడుకుంటున్న ఆ కాలంలోనే ఆయన మన ఊళ్ల వంక వేలు చూపించాడు. పేటా శిబిరమూ అచ్చంగా ఒకటే అని తేల్చేస్తే రెండిటికీ అన్యాయమే. పేటలో మన పాట ఉంది, మన దేవత ఉంది, మన బంధుత్వం ఉంది. ఆయన పోలిక వల్ల మనకి దొరికే పనిముట్టు మాత్రం ఒకటుంది. ముళ్లతీగ కంటికి కనపడకపోయినా, మనిషి కదలగలడా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్ష పెట్టి చూద్దాం. నేరం లేదు. విచారణ లేదు. ఒక గుంపుకి చెందడమే కారణం. వెళ్లిపోతానంటే వెళ్లనివ్వరు. ఈ నాలుగూ ప్రోమ్ దగ్గర ఆపిన కూలీకి వర్తిస్తాయి, డెక్కు టిక్కెట్టు దొరకని రేవు కూలీకి వర్తిస్తాయి, రైలు కట్ట కూలీకి మరింతగా వర్తిస్తాయి. రంగంలో ప్రతి కూలీ చుట్టూ కాపలా లేదన్నది నిజం. కొందరు తప్పించుకుని పోగలిగారు, కొందరు కూలి ఎక్కువిస్తామంటే తమంత తాము ఉండిపోయారు. చాంగీ జైలూ రంగం రేవూ ఒకటి కావు. అయినా రెండూ ఒకే అధ్యాయంలో ఉండాలి. తీగ ఉన్నచోట మాత్రమే నిర్బంధం ఉందంటే, తీగ అవసరం లేకుండానే ఆపగలిగిన వ్యవస్థలన్నీ తప్పించుకుపోతాయి. అప్పు, మేస్త్రీ, టిక్కెట్టు తరగతి, కులవృత్తి, ఇవన్నీ ఆ వ్యవస్థలే.

ఇప్పుడు చెయ్యాల్సిన పని

బర్మాలో మిగిలిపోయిన తెలుగువాళ్లలో చాలామంది 1962లో నెవిన్ సైన్యం అధికారంలోకి వచ్చి, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక, 1964 నుంచి తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో వాళ్లు దిగిన చోటుని ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు. పిల్లలూ మనవలూ పుట్టి పెరిగినా ఊరి పేరు మాత్రం క్యాంపే. బస్సులో ఆ పేరు వింటూ తిరిగే విద్యార్థికి ఆ క్యాంపు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. రెండో ప్రపంచ యుద్ధం అంటే హిట్లర్, చర్చిల్, క్విట్ ఇండియా. గోదావరి జిల్లాల పాఠశాలలో కూడా అంతే.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. చదువుకున్న పుస్తకాల్లో రంగం లేదు, పేటలో మాత్రం ఆ మాట ఉంది. ఇలా మాట ఉండి పుస్తకం లేని చోటే మన పరిశోధన మొదలవ్వాలి. ఆర్కైవుల్లో దొరికేది ఆపినవాడి కాగితం. ఎన్ని బస్తాలు దిగలేదు, ఎన్ని వీధుల్లో చెత్త పేరుకుంది అన్న లెక్క అందులో ఉంటుంది. ఆగినవాడి మాట అందులో ఉండదు.

ఆ మాట కోసం వెతకాల్సిన చోట్లున్నాయి. లూథరన్, బాప్టిస్టు సంఘాల పాత రిజిస్టర్లలో పెళ్లి, బాప్తిస్మం, మరణం పక్కన 'రంగం' అని రాసి ఉంటుందేమో చూడాలి. ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున మనియార్డరు కూపన్లు, ఓడ టిక్కెట్లు, బర్మా నోట్లు, ఫొటోలు ఉంటాయేమో అడగాలి. మేస్త్రీల కుటుంబాల దగ్గర పద్దు పుస్తకాలు ఉండొచ్చు. ఆ పుస్తకం ఒకనాడు మన మెడకి ఉరి. ఇవాళ పేర్లు రాసి ఉన్న ఒకే ఒక్క పట్టీ అదే కావచ్చు. నడిచొచ్చిన తరం దాదాపు వెళ్లిపోయింది. వాళ్ల పిల్లలున్నారు, వాళ్లూ ముసలివాళ్లే. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి ఎవరూ ఉండరు.

టీచర్లు ఒక పని చెయ్యొచ్చు. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలకి ఒక ప్రశ్న ఇచ్చి ఇంటికి పంపండి: మీ ఇంట్లో, మీ వీధిలో రంగం వెళ్లినవాళ్లెవరు, ఏ పనికి, తిరిగొచ్చారా, ఏ దారిన వచ్చారు? పేరు, ఊరు, పేట, ఓడెక్కిన రేవు, చివరి ఉత్తరం వచ్చిన ఏడు. ఇంత చాలు. ఉద్యమ కార్యకర్తలు మీటింగులకి వెళ్లిన ఊళ్లల్లా ఇదే అడగండి. దొరికినవి దొరికినట్టు, సవరించకుండా, చెప్పినవాళ్ల మాటల్లోనే రాసి ఈ పత్రికకి పంపండి. ఒక పట్టీ తయారు చేద్దాం. అది పరిహారం తెస్తుందో లేదో తరవాతి సంగతి. ముందు వాళ్లు ఫలానావాళ్లని, వాళ్లని ఫలానాచోట ఆపారని రాతలో ఉండాలి.